చుక్క పెట్టుకున్న చెయ్యి

ఆ ఉదయం ముఖలింగం చెయ్యి పలకలేదు.

డయాలసిస్ మనిషి ఉన్న ఇంట్లో దేవుడి దగ్గర దీపం ఒక పూట ఆలస్యమైనా ఫరవాలేదు గానీ ఈ పని ఆలస్యం కాకూడదు. మోచేతికి దిగువన ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోటు ఒకటుంటుంది. ఫిస్టులా అంటారు. పొద్దున్నే ఇంట్లోవాళ్లు దాని మీద వేళ్లు ఆనించి చూస్తారు. లోపల నెత్తురు ఉరకలేస్తూ చర్మం గుర్రుమని వణికితే ఆ చేతికి సూదులు ఎక్కుతాయి, యంత్రం నెత్తురు కడుగుతుంది, ఇంకో రెండు రోజులు గడుస్తాయి. వణుకు లేదంటే లోపల గడ్డ కట్టినట్టే. ముఖలింగం వేళ్లకి జబ్బు మూలంగా ఎప్పట్నుంచో తిమ్మిరి. అందుకని ఆ పని అతని భార్య నీలవేణిది.

ఆమె కుడిచేతి వేళ్లు ఆనించింది. కొంచెం జరిపి మళ్లీ ఆనించింది. గోడ మీద చెయ్యి పెట్టినట్టుంది.

"మావా, లెగు. నీ చెయ్యి పలకట్నేదు."

డాక్టర్లు వద్దన్నా ఆ చేతినే తలకింద పెట్టుకుని పడుకునే ముఖలింగం కళ్లు తెరవకుండానే, "నాకు ఇనబడతన్నట్టే ఉందే," అన్నాడు.

"నీకు పక్కింటి మిక్సీ కూడా ఇనబడతాది. లెగు ముందు!"

ముఖలింగం దర్జీ. కుట్టవలసిన జాకెట్లు మిషను మీదే వదిలేసి, లుంగీ మీద చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. ఈమధ్య పలాసలో తిరుగుతున్న డ్రైవరు లేని ఆటో ఒకటి ఎక్కారు. తొందరపెట్టడానికి డ్రైవరు లేడు కాబట్టి నీలవేణి దారి పొడుగునా దాని అద్దాన్నే కసిరింది. పెదవులు మాత్రం ముఖలింగేశ్వరుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాయి.

డయాలసిస్ సెంటర్లో టెక్నీషియన్ కూర్మారావు స్టెతస్కోపు పెట్టి విని, నొసలు చిట్లించి, మళ్లీ విని, నవ్వేశాడు. "ఏటమ్మా, ఇంత పరుగు? చెయ్యి లచ్చణంగా ఉంది. రైలింజను లాగుంది. కావాలంటే ఇను."

ఆమె చెవులకి తగిలించాడు. గుర్రు, గుర్రు. నీలవేణికి ఏడుపొచ్చినంత పనైంది. కూర్మారావు ఆమె వేళ్లు పట్టుకుని ఫిస్టులా మీద పెట్టాడు. "ఇక్కడ. ఎంత బాగా కొడతందో సూడు."

ఆమె చూసింది. చెవిలో గుర్రుమంటోంది. వేళ్లకింద ఏమీ లేదు.

బయటికొచ్చి టీ కొట్టు దగ్గర నిలబడ్డారు. కొట్టువాడు గ్లాసు అందిస్తూ, "వేడమ్మా, అంచు పట్టుకో," అన్నాడు. ఆమె అరచెయ్యంతా చుట్టి పట్టుకుంది. పొగలు కక్కుతున్న ఆ గ్లాసు ఆమె చేతిలో చల్లారిన గంజి గిన్నెలాగే ఉంది. ముఖలింగం చూశాడు. వేళ్లకి తిమ్మిరేగాని కళ్లకి లేదు.

"నీలా. ఎన్నాళ్లయినాది?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. కుడి మణికట్టు లోపలివైపు కందిబద్దంత బిళ్లని చూసుకుంది. దాన్ని అందరూ చుక్క అంటారు. తన చెయ్యి పోయిందన్న దిగులు ఆమెకు ఆ క్షణాన రాలేదు. తాటిముంజె ఏమైపోయిందో అన్న భయం వచ్చింది.

తాటిముంజె ఎవరో చెప్పాలంటే ముందు గట్టు గురించి చెప్పాలి.

గట్టు ఒక చర్చావేదిక. మూత్రపిండాలు పాడైనవాళ్లూ, వాళ్ల ఇంటివాళ్లూ ఫోన్లలో కలుసుకునే చోటు. ఉప్పు లేని కూర ఎలా దిగుతుంది, సూది పడిన చోట కమిలితే ఏం చెయ్యాలి, ఉద్దానంలో పుట్టి కొబ్బరినీళ్లు తాగకూడదంటే మనిషి ఎలా బతకాలి, ఇలాంటివి అక్కడ మాట్లాడుకుంటారు. ఎక్కడ మునిగేవాళ్లు ఉంటారో అక్కడ గడ్డిపోచలు అమ్మేవాళ్లు కూడా ఉంటారు. జబ్బు తెలిసి వారం తిరక్కుండా గట్టెక్కిన కొత్తవాళ్లకి, ఎవరూ చూడకుండా చాటుగా కబుర్లు వెళ్లేవి. ఈ పొడి వాడు, సూదులు మానెయ్యి అని. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, కొత్త రోగి కూడా అంతే. ఎవరు నవ్వుతూ పలకరిస్తే వాళ్లే బంధువులు.

ముఖలింగం, నీలవేణి కూడా అలాగే గట్టెక్కారు. అలాగే ఒకడు తగిలాడు. వాడి పొడి ఒక పొట్లం అప్పటికే ఇంటికి తెచ్చుకున్నారు కూడా. ఎలా వాడాలో, ఎప్పుడు యంత్రం మానెయ్యాలో చాటుగా రాసి పంపుతానన్నాడు. ఆ రాసింది రాలేదు. దాని బదులు గట్టు నుంచి రెండు ముక్కల కబురొచ్చింది: "మీకొచ్చిన ఒక మాటని ఒక చెయ్యి ఆపింది. మీరు క్షేమం." నీలవేణి ఆ రోజు పొట్లం తీసుకెళ్లి డాక్టరుకి చూపించింది. డాక్టరు దాన్ని చూసి తిట్టిన తిట్లు ఆమెకి ఇప్పటికీ తియ్యగా గుర్తున్నాయి.

ఆ చెయ్యి ఎవరిదో గట్టు చెప్పదు. కొత్తవాళ్లకి మండలం రోజులు, అంటే నలభై రోజులు, కాపలా ఉంటుంది. అది నిండిన రోజున వాళ్లు కృతజ్ఞతగా ఒక్క వెచ్చని చుక్క పంపవచ్చు. మాటలు ఉండవు, ఎవరో తెలియని మణికట్టు మీద గోరువెచ్చగా తాకుతుంది, అంతే. నీలవేణి ఆ చుక్క పంపి, తృప్తి చాలక, తానే కాపలాకి పేరిచ్చింది. దణ్ణం పెట్టడానికి మనిషి తెలియకపోతే ఆ మనిషి చేసిన పనైనా చెయ్యాలి కదా అనుకుంది.

శిక్షణ విశాఖలో, డాక్టర్ సుజాత పాణిగ్రాహి ప్రయోగశాలలో. చుక్కని కనిపెట్టింది ఆవిడే. చామనఛాయ మనిషి. ఎడం చేతికి ఎప్పుడూ పల్చని నూలు తొడుగు వేసుకునేది. నీలవేణి మణికట్టుకి బిళ్ల అంటిస్తూ, "పసిపిల్లకి సీసాతో పాలు పట్టేముందు మీరేం చేస్తారు?" అని అడిగింది.

"సేతి మీద ఒక సుక్క ఏసుకుని సూస్తాం."

"నేను చేసిందీ అంతే. కొత్తవాళ్లకి చాటుగా వచ్చే ప్రతి మాటా ముందు మీ చేతి మీద పడుతుంది. అక్షరాలు మీకు కనబడవు. ఎవరి రహస్యం వాళ్లదే. వేడి మాత్రం తెలుస్తుంది. మీ చెయ్యి ఉలిక్కిపడితే మాట ఆగిపోతుంది. లేకపోతే అవతలికి వెళుతుంది."

ముందుగా ఒక పచ్చి బూతుని చేతి మీదికి వదిలి, తెర మీద చూపించింది. నులివెచ్చగా తగిలింది. నీలవేణి ముక్కు మీద వేలేసుకుంది. "ఓలమ్మో, ఇంత బూతుకి ఇంతేనేటి వేడి?"

"బూతు తిట్టేవాడు ఎలాగూ దొరికిపోతాడు. ఇది చూడండి."

రెండోది పడీ పడకముందే నీలవేణి కెవ్వుమని చెయ్యి లాగింది. బల్ల మీద డాక్టరుగారి మజ్జిగ గ్లాసు బోర్లాపడింది. తెర మీద చూస్తే ఎంతో మెత్తని మాట: "నీ మంచి కోరి చెబుతున్నాను తల్లీ. ఇంట్లోవాళ్లకి గానీ ఆస్పత్రివాళ్లకి గానీ చెప్పకు."

"మనిషిని తనవాళ్ల నుంచి ఎంత దూరం లాగితే అంత వేడి," అంది పాణిగ్రాహి మజ్జిగ తుడుస్తూ.

"వేడి కట్టేది గట్టు యంత్రమే కదా మేడమ్. మరి నానెందుకు?"

"యంత్రాన్ని ఒంటరిగా కాపలా పెట్టి చూశాం. పొడులు అమ్మేవాళ్లు దాని గుట్టు పట్టేశారు. ఎంత వేడైతే ఎక్కువో యంత్రానికి తెలియదు, దానికి చర్మం లేదు. ఆ పొడి పొట్లం మీ ఇంట్లోకి వచ్చింది గానీ దానింట్లోకి రాలేదు. మీ చెయ్యి వెనక్కి జరిగిన ప్రతిసారీ అది ఒక పాఠం నేర్చుకుంటుంది." అని, ఆవిడ మజ్జిగ గుడ్డ పక్కన పెట్టింది. "ఒక మాట ముందే చెప్పాలి. ఏళ్లు గడిస్తే ఆ చేతికి వేడి తెలియడం తగ్గవచ్చు. అందుకని వారం వారం రెండు గ్లాసుల పరీక్ష ఉంటుంది. ఒకటి వేడిది, ఒకటి చల్లనిది. కళ్లు మూసుకుని చెప్పాలి. తప్పితే ఆ రోజే చుక్క తీసెయ్యాలి. ఒప్పుకుంటారా?"

నీలవేణి ఒప్పుకుంది. ఆ వేళ ఆమెకి చెయ్యి మీద కన్నా మొగుడి మీద ప్రేమ ఎక్కువగా ఉంది, ఆ మొగుణ్ణి నిలబెట్టిన గట్టు మీద ఇంకా ఎక్కువగా ఉంది.

ఏళ్లు గడిచాయి. ఎందరో కొత్తవాళ్లు ఆమె చేతి మీదుగా ఒడ్డెక్కారు. కాజాలు కుడుతుంటే, ఇస్త్రీ చేస్తుంటే, బజార్లో వంకాయలు ఏరుతుంటే చురుక్కుమనేది. ఆమె చెయ్యి లాగేది. వంకాయలవాడు తన ధరకి ఉలిక్కిపడిందనుకుని రెండు ఎక్కువ వేసేవాడు. మండలం నిండినప్పుడల్లా ఎవరిదో వెచ్చని చుక్క మణికట్టు మీద పడేది. అలాంటి రోజున ముఖలింగానికి కూరలో రవ్వంత ఉప్పు ఎక్కువ పడేది.

కొత్త కాపలాదారుల చెయ్యి మీద ఇంకో చెయ్యి తోడు ఉంటుంది. వీరు చూశాక వారు కూడా చూస్తారు. తప్పు లేకుండా కొన్నాళ్లు నడిస్తే గట్టు నమ్మకం పెంచి ఆ తోడుని తీసేస్తుంది. నీలవేణికి గట్టు మీద అందరికన్నా ఎక్కువ నమ్మకం ఇచ్చారు. ఆమె చేతిని చూసే చెయ్యి లేదిక. అది గౌరవమని ఆమె మురిసిపోయింది, గట్టు కూడా అలాగే అనుకుంది.

నిజానికి కొన్ని వారాలుగా గ్లాసులు ఆమెకి తేడా తెలియడం లేదు. ఒక వారం అనుమానమొచ్చి కన్ను ఓరగా తెరిచి చూసింది. చల్లని గ్లాసు బయట చెమట పట్టి ఉంది. చెప్పేసింది. ఆ తర్వాత అది అలవాటైంది. చలికాలమని, వయసని, మిషను తొక్కుడని సర్దిచెప్పుకుంది. ఇస్త్రీపెట్టె తగిలి చర్మం ఎర్రబడితే జాకెట్టు చెయ్యి పొడుగ్గా కుట్టుకుంది. మానేస్తే ఎలా? తాటిముంజెకి మండలం ఇంకా నిండలేదు.

తాటిముంజె అన్నది ఆ కొత్తపిల్ల గట్టు మీద పెట్టుకున్న పేరు. అసలు పేరేమిటో, ఊరేమిటో నీలవేణికి తెలియదు. అందరి ముందూ అడిగే ప్రశ్నలు మాత్రం చదివేది. "కొబ్బరినీళ్లు అసలు తాగకూడదా? గుక్కెడైనా? మా చెట్టువే అయినా?" అని అడిగింది ఒకసారి. ఆ ప్రశ్న చదివి ముఖలింగం పొట్ట పట్టుకుని నవ్వాడు. "చెట్టు నీదైనా కిడ్నీ నీదే కదే గుంటా!" అని రాశాడు కింద. అప్పట్నుంచి ఆ పిల్ల ఇద్దరికీ ముద్దొచ్చింది. చాలా రోజులుగా ఆమె గట్టు మీద ఏమీ అడగడం లేదు. కుదుటపడిందేమో అనుకుంది నీలవేణి. చేతి మీద వేడి కూడా ఏమీ రాలేదు మరి.

టీ కొట్టు బల్ల మీద కూర్చునే నీలవేణి పాణిగ్రాహికి ఫోను చేసింది. దాచలేదు. గ్లాసుల సంగతితో సహా చెప్పేసింది. అవతల డాక్టరు అంతా వింది. తర్వాత, "లైన్లో ఉండండి, లెక్క తీస్తాను," అంది.

తీసిన లెక్క ఇలా ఉంది. 'మూలికామిత్ర' అనేవాడు తాటిముంజెకి చాటుగా కబుర్లు పంపుతున్నాడు. ప్రతి కబురూ గట్టు యంత్రం లెక్కలో నిప్పులాంటి వేడి. నీలవేణి చెయ్యి ఒక్కసారి కూడా కదల్లేదు. అందరికన్నా నమ్మకమైన చెయ్యి కదలకపోతే మాట మంచిదేనని యంత్రం నేర్చుకుంది. ఆ తర్వాతి కబుర్లని ఇంకాస్త తొందరగా దాటించింది.

నీలవేణి తల పట్టుకుంది. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది మేడమ్. ఆ గుంటకి ఇప్పుడేటి దారి?"

"హెచ్చరిక పంపాను. చదివి పక్కన పెట్టేసింది. ఈ పొడులవాళ్లు ముందే చెప్పి ఉంచుతారు. ఆపమని కబురొస్తుంది, అప్పుడే మందు పనిచేస్తున్నట్టు లెక్క, అని."

"మరైతే నాను మాటాడతాను."

డాక్టరు వెంటనే ఒప్పుకోలేదు. కాపలాదారు తెర తీసి పలికితే ఇక ఆ మనిషి గట్టు మీద ఎప్పటికీ కాపలా ఉండడానికి లేదు. ఇన్నాళ్లూ ఎవరెవరిని కాసిందో వాళ్లందరికీ పేరు తెలిసిపోతుంది. వాళ్లలో ఎవరైనా తిట్టవచ్చు, నిలదీయవచ్చు. ఇదంతా విని నీలవేణి ఒక్కటే అంది. "కంచె సేను మెయ్యనేదు మేడమ్, నిజమే. కానీ కంచె నిద్దరోయింది. లెగిసి అరవకపోతే ఎలగ?"

తెర తీశారు. తాటిముంజె ఫోను మోగింది. మూడోసారికి ఎత్తింది.

"అమ్మా, నా పేరు నీలవేణి. మాది పలాస. గట్టు మీద నీకు కాపలా పెట్టిన చెయ్యి నాదేనమ్మా."

అవతల గొంతు గరుకుగా ఉంది. "అయితే ఇన్నాళ్లూ నా కబుర్లు సదివేసినావా?"

"నేదు తల్లీ. అచ్చరం కూడా సదవనేదు. వేడే తెలుస్తాది. అది కూడా తెలీకుండా పోనాది. నా చెయ్యి సచ్చిపోనాది. అది సెప్పకుండా దాసినాను. ఆడు నీకు పంపినవేవీ ఎవరూ సూసి పంపినవి కాదు. అదే సెప్దామని..."

"ఆయన మంచోడు. మీరే నన్ను బాగవనివ్వరంట. ముందే సెప్పినాడు."

ఫోను పెట్టేస్తుందని నీలవేణికి తెలిసిపోయింది. ముఖలింగం ఫోను లాక్కున్నాడు.

"ఏటే తాటిముంజా! చెట్టు నీదైనా కిడ్నీ నీదే అన్నాను సూడు, ఆ ముసిలోణ్ణి నానే. ఒక్క మాట సెప్పు. పడుకుంటే ఊపిరాడతందా, కూకునే పడుకుంటన్నావా?"

అవతల ఆయాసం వినబడింది. తర్వాత సన్నగా, "కూకునే," అంది.

"కాళ్లు? నొక్కితే గుంట పడతందా?"

"పడతంది."

"ఎన్నిసార్లు యంత్రం ఎగ్గొట్టినావు?"

"ఆయన మానీమన్నాడు బాబాయ్. మా ఆయనకి కూడా సెప్పొద్దన్నాడు. సెంటరుకి ఎల్లొస్తన్నానని సెప్పి అమ్మోరి గుడికాడ కూకుని వచ్చీసేదాన్ని." ఇక ఏడుపు ఆగలేదు.

ముఖలింగం ఫోను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాడు. "ఏడవకు. ఏడిస్తే ఊపిరాడదు. నాను కూడా ఆ పొడి ఇంటికి తెచ్చీసుకున్నాను తల్లీ. ఎవులో మహానుబావులు సెయ్యి అడ్డం పెట్టినారు, బతికినాను. నీకు అడ్డం పెట్టాల్సిన సెయ్యి కాస్త ఆలీసమైనాది, అంతే. ఇప్పుడు పెట్టేం. ఊరెక్కడో సెప్పు."

చెప్పింది. సముద్రం ఒడ్డున, రోడ్డుకి దూరంగా ఉన్న పల్లె. పేరు సంపూర్ణ. మొగుడు చేపల వేటకెళ్లాడు. నీలవేణి కేక విని కూర్మారావు లోపల్నుంచి పరుగున వచ్చి అంబులెన్సుకి ఫోను చేశాడు, ఒక బెడ్డు ఖాళీ చేయించాడు. సంపూర్ణ వచ్చేదాకా ముఖలింగం ఫోను పెట్టలేదు. ఏం మాట్లాడాడో తెలుసా? చేపల పులుసులో ఉప్పు తగ్గినట్టు నాలుకకి తెలియకుండా చింతపండుతో ఎలా మోసం చెయ్యాలో చెప్పాడు. ఆ పిల్ల ఊఁ కొడుతూ ఉండాలి, ఊపిరి పీలుస్తూ ఉండాలి, అదే అతని లెక్క. నీలవేణి ఎడంచేత్తో అతని భుజం పట్టుకుని నిలబడింది.

సంపూర్ణని స్ట్రెచర్ మీద దించేసరికి ఒళ్లంతా నీరు. పెదవులు నల్లబడి ఉన్నాయి. ఫిస్టులా ఇంకా కుట్టనందువల్ల మెడ దగ్గర పెట్టిన గొట్టానికి కూర్మారావు యంత్రం తగిలించాడు. మధ్యాహ్నమంతా నీలవేణి గాజుతలుపు బయట నిలబడి ఉంది. సాయంత్రానికి లోపల్నుంచి ఒక సన్నని గొంతు, "ఆకలేస్తంది," అంది. ఆ మాట విని నీలవేణి అక్కడే నేల మీద కూలబడి, పైటకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంత హాయిగా ఆమె ఎప్పుడూ ఏడవలేదు.

విశాఖ నుంచి పాణిగ్రాహి కూడా అప్పటికి వచ్చేసింది. వరండా బల్ల మీద నీలవేణి పక్కన కూర్చుని, ఆమె మణికట్టు ఒళ్లో పెట్టుకుని, చుక్కని మెల్లగా ఊడదీసింది. కింద చర్మం తెల్లగా ఉంది.

"నన్ను తిట్టండి మేడమ్. గ్లాసులకాడ కన్ను తెరిసినాను."

"ఎవరూ ఇంకో చెయ్యి తోడు లేకుండా ఉండకూడదు. నమ్మకం పెరిగితే తోడు తీసెయ్యమని రాసింది నేను. నమ్మినవాళ్లని చూడక్కర్లేదనుకున్నాను. నమ్మినవాళ్లనే బాగా చూసుకోవాలి. అది నా తప్పు, రేపట్నుంచి మార్చేస్తున్నాను. ఎంత పాతవాళ్లకైనా రెండు చేతులు. కొన్నాళ్లకి విశ్రాంతి."

"ఈ సెయ్యి తిరిగొస్తాదా?"

"కొందరికి వచ్చింది. కొందరికి రాలేదు." ఆవిడ తన ఎడంచేతి తొడుగు తీసింది. మణికట్టు మీద అదే తెల్లని మచ్చ, వేళ్ల మీద పాత కాలిన గుర్తులు. "నాకు రాలేదు. మొదట్లో దీన్ని ఇంకొకరికి పెట్టడానికి మనసొప్పలేదు. గట్టు మీద మొదటి రెండేళ్లూ చుక్క పెట్టుకున్న చెయ్యి ఇదొక్కటే."

నీలవేణి లెక్క వేసుకుంది. పెద్ద లెక్కేమీ కాదు. ముఖలింగానికి పొడి పొట్లం వచ్చింది ఆ రెండేళ్లలోనే.

కాలిన గుర్తులున్న ఆ చేతిని తన కుడిచేతిలోకి తీసుకుని కళ్లకద్దుకుంది. వేడీ చల్లా తెలియని రెండు చేతులవి. అయినా నీలవేణి కన్నీళ్లు వాటి మీద పడుతుంటే డాక్టరు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "మావా," అని పిలిచింది నీలవేణి వెనక్కి తిరిగి, "ఇలగ రా. దణ్ణం పెట్టుకో. ఈవిడే." ముఖలింగానికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక పసిపిల్లాడిలా నిలబడిపోయాడు.

ఇల్లు చేరాక నీలవేణి జరిగిందంతా గట్టు మీద అందరూ చదివేలా రాసి, తిట్లు తినడానికి సిద్ధపడి కూర్చుంది. ఒకరిద్దరు తిట్టారు కూడా. తిట్టే హక్కు వాళ్లకుంది, ఆమె కాదనలేదు. కానీ తెర తీసినందువల్ల పాతవాళ్లందరికీ ఆమె పేరు తెలిసింది కదా, వాళ్లు రాయడం మొదలుపెట్టారు. టెక్కలి నుంచి ఒక లెక్కల మాస్టారు, "నా మండలం మీ చేతి మీదే గడిచిందటమ్మా," అని రాశాడు. గుంటూరు నుంచి ఒకామె, "మీకే కదా ఆ రోజు చుక్క పంపాను, తగిలిందా?" అని అడిగింది. తగిలింది తల్లీ అని నీలవేణి జవాబు రాసింది. చదువుతూ పోతే తెల్లవారేలా ఉందని ముఖలింగం ఫోను లాక్కున్నాడు. వాళ్లలో చాలామంది చివర ఒకే మాట రాశారు: ఇక మీ చెయ్యి దించండి, మా చేతులున్నాయి. బోయీలు భుజం మార్చుకున్నట్టు కాపలా చేతులు మారింది. పల్లకీ మాత్రం కింద పెట్టలేదు.

ఇప్పుడు పొద్దున్నే నీలవేణి మొగుడి చేతి మీద వేళ్లు పెట్టదు. ఎడంచేతి వేళ్లు బాగానే ఉన్నా వాటిని కూడా నమ్మక, వంగి చెవి ఆనిస్తుంది. "ఇన్నేళ్లకి నా మాట ఇంటన్నావే," అంటాడు ముఖలింగం. "నీ మాట కాదు, నీ నెత్తురు మాట," అంటుంది ఆమె. పక్కింటి మిక్సీ కూడా వినబడుతుందని మాత్రం ఒప్పుకోదు.

ముంజెల కాలం వచ్చింది. ఒకరోజు పది గంటల వేళ సంపూర్ణ మొగుణ్ణి వెంటబెట్టుకుని వాళ్లింటి గుమ్మంలో దిగింది. మొహంలో కళ వచ్చింది. ఆకుల్లో చుట్టిన తాటిముంజెలు నీలవేణి ఒళ్లో పెట్టింది.

"నీకే పిన్నీ. బాబాయికి ఒకటే, అది కూడా కూర్మారావు అన్నని అడిగి. మాకు నీళ్ల కొలతుంది కదా."

"సూసినావా, నిన్న గట్టెక్కిన గుంట నాకు కొలతలు సెప్తంది," అని దర్జీ నవ్వాడు.

సంపూర్ణ నవ్వలేదు. నీలవేణి ఎదురుగా కింద కూర్చుంది. "నా మండలం ఎప్పుడో నిండిపోనాది పిన్నీ. అందరూ చుక్క పంపుతారంట కదా. నీ చెయ్యికి చుక్క నేదు. పంపితే ఎలగ తగులుతాది? అందుకని తెచ్చినాను." అని జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. మోచేతికి దిగువన లేత గులాబీ రంగు కుట్టు. కొత్త ఫిస్టులా. మెడలో గొట్టం తీసేశారు. ఇక ఈ చెయ్యే ఆమెని నడిపించాలి.

నీలవేణి అలవాటు చొప్పున కుడిచేతి వేళ్లు చాచి ఆనించింది. ఏమీ తెలియలేదు. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

సంపూర్ణ ఆ వేళ్లని వదల్లేదు. వాటిని అలాగే పట్టుకుని, మోకాళ్ల మీద లేచి, తన చేతిని నీలవేణి చెంపకి ఆనించింది. మొదట వెచ్చదనం తెలిసింది. తర్వాత చెంప ఎముకలోంచి చెవిలోకి, సన్నగా, తొందరతొందరగా, గుర్రు గుర్రుమంటూ వచ్చింది.

"పలుకుతందా పిన్నీ?"

"పలుకుతంది తల్లీ," అంది నీలవేణి. చెంప తియ్యలేదు.